విశ్రాంతికై యే యూరు పోవలయును?

వ్యాధి కుదురుటకు మందెంత యవసరమో, మందు పనిచేయుటకు దేశకాలములును అంత యవసరమని పెద్దలు చెప్పుదురు. చలిదేశములవారు శస్త్రచికిత్స జరిగిన తరువాత నెండకాయు దేశములకో, సముద్రతీరములకో పోయి కొన్ని వారములు విశ్రమించుట చిరకాలముగా నున్న యలవాటు. ఇటీవల నది యొక పెద్ద వ్యాపారముగా పెరిగినది. థాయిలాండు, మలేషియా, మన భారతదేశము మున్నగు నుష్ణదేశములకు పరదేశపు రోగులు చికిత్సకును, తదుపరి విశ్రాంతికిని వచ్చుచున్నారు. మన హైదరాబాదునకు ఆఫ్రికాఖండమునుండియు, అరబ్బు దేశములనుండియు రోగులు వచ్చుట చూచుచునే యున్నాము. వైద్యమునకై వచ్చు విదేశీయులకు మన ప్రభుత్వము ప్రత్యేకమైన వీసా నిచ్చుటయే కాక, రోగివెంట నిద్దఱు సహచరులకు గూడ వీసా నొసగుచున్నది. రోగి యొంటరిగా ప్రయాణము చేయరాదను సంగతి యా నియమము చేసినవారికి బాగుగ తెలియును. ఈ వ్యాసమునందు మేము చెప్పదలచిన మాటకు మూలమదియే.

మనమో యుష్ణమండలమునందే పుట్టి పెరిగినవారము. కర్కటరేఖ యిరువది మూడున్నర డిగ్రీల యుత్తర అక్షాంశమున నున్నది. తెలుగునాడంతయు దానికి దక్షిణముననే యున్నది. మేమిప్పుడు నివసించుచున్న డోంగ్లి గ్రామము సుమారు పదునెనిమిదిన్నర డిగ్రీల చెంత నున్నది. కావున మనకు గలిగెడు ప్రశ్న యుష్ణదేశమునకు పోవలయునా వలదా యని కాదు. మన యుష్ణదేశములోనే యేచోట, ఏ ఋతువునందు, ఎవరి చెంత విశ్రమింపవలయునని మాత్రమే.

ఈ విచారము మన పూర్వులకు క్రొత్తది కాదు. చరకసంహితయందు దేశము మూడు విధములుగా విభజింపబడినది. చెట్లు తక్కువగాను, గాలియు వేడియు నెక్కువగాను నుండు మెట్టనేల జాంగలము. నీరును, తడియు, దట్టమైన వృక్షములును గల పల్లపునేల యానూపము. ఈ రెంటి లక్షణములును సమముగా గలది సాధారణము. జాంగలమున వాతపిత్తములును, ఆనూపమున కఫవాతములును ప్రబలుననియు, సాధారణదేశమున దోషములు సమముగా నుండుననియు వారి సిద్ధాంతము. నేటి వైద్యులు వాతపిత్తకఫముల ప్రస్తావన చేయకున్నను, అనుభవమున తేడా లేదు. తేమ హెచ్చుగా నుండు సముద్రతీరమున చెమట యారదు, గాయముపై కట్టిన కట్టు తడిసియుండును. ఎండగాలి వీచు మెట్టనేలయందు చెమట పట్టినట్లే తెలియదు గాని, శరీరమునందలి నీరు హరించిపోవును. కోనసీమయు, కేరళమును ఆనూపములైనచో, మా డోంగ్లి చుట్టునున్న దక్కను పీఠభూమి జాంగలమునకు దగ్గఱగా నున్నది.

గత కార్తీకమాసమున మా యింట నీ ప్రశ్న నిజముగనే పుట్టినది. మా యజమానుల యక్కగారు, మాకు పెద్దవదినెగారు, బాన్సువాడ ప్రాంతమున నొక గ్రామమునందు వ్యవసాయదారుల కుటుంబమున నున్నారు. వయస్సు నలుబది యెనిమిది. గర్భకోశమునందు గడ్డలు పెరిగి, రెండేండ్లుగా రక్తస్రావమువలన వారి ముఖము తెల్లకాగితమువలె నయ్యెను. దానికి తోడు మధుమేహము. నాలుగు మెట్లెక్కిన నాయాసము. శస్త్రచికిత్స తప్పదని వైద్యులు చెప్పిరి.

తప్పదనిన మాటను వెంటనే నమ్మవలసిన పని లేదు. మా ప్రక్కనుండి పాఱు మంజీరానది మహారాష్ట్రమునందలి బీడు జిల్లాలో పుట్టినది. ఆ జిల్లాలో చెఱకు నఱకు కూలిస్త్రీలలో వేలకొలది మందికి గర్భకోశము తొలగింపబడినదని 2019లో జరిగిన ప్రభుత్వ విచారణయందు వెల్లడియైనది. నెలసరి దినములలో పనికి పోనిచో కూలి పోవునను భయమున చిన్న వయస్సుననే శస్త్రచికిత్సకు లోబడినవారు వారిలో పెక్కుమంది. పిమ్మట విశ్రాంతి యన్నమాట లేక మరల చెఱకుతోటకు పోయినవారే యధికులు. ఈ సంగతి యెఱిగినవారము గనుక, మందులతో నొక సంవత్సరము వేచి, రెండవ వైద్యురాలి యభిప్రాయమును గూడ గైకొని, ఇద్దఱును నొకేమాట చెప్పిన తరువాతనే మా కుటుంబమువారు నిశ్చయించుకొనిరి. చికిత్సాయాత్రకు మొదటిమెట్టు రైలుబండి కాదు. ఆ చికిత్స నిజముగా నవసరమా యను ప్రశ్న.

ఇక నే పట్టణము? నిజామాబాదునందు ప్రభుత్వ వైద్యకళాశాలయు, దాని ననుసరించిన పెద్ద ఆస్పత్రియు గలవు. కామారెడ్డియందు 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల యేర్పడినది. మా డోంగ్లివంటి సరిహద్దు గ్రామములవారు దగ్గఱయని దెగ్లూరునకును, నాందేడునకును పోవుటయు గలదు. రాష్ట్రపు టెల్ల రోగి నాపదు గాని, ఆరోగ్యపథకపు కార్డు నాపవచ్చును. ఉమ్మడి రాష్ట్రమున 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకపు పరిమితి తెలంగాణమున 2023 డిసెంబరునందు 10 లక్షల రూపాయలకు పెంచబడినది. అయితే మనము పోదలచిన ఆస్పత్రి యా పథకమున జేరినదా, మనకు గావలసిన చికిత్స యచట దానిక్రింద జరుగునా యని ప్రయాణమునకు ముందే విచారించుకొనవలయును. ఆస్పత్రి వాకిట నిలిచి విచారించుకొనునది కాదది.

మా వదినెగారి పెద్దకుమారుడు హైదరాబాదున నుద్యోగము చేయుచున్నాడు. మధుమేహమున్నందున శస్త్రచికిత్సకు ముందును వెనుకను పలుమారులు పరీక్షలకు పోవలసియుండును. కుమారుని యిల్లు ఆస్పత్రికి చేరువ. ఈ కారణమున హైదరాబాదు నిశ్చయమైనది. శస్త్రచికిత్స నిర్విఘ్నముగా జరిగెను. ఆఱవ దినమున ఇంటికి పోవచ్చుననిరి. వైద్యురాలు చేతికిచ్చిన కాగితమునందు “6 వారములు బరువు లెత్తరాదు, వంగి పనిచేయరాదు, దినమునకు కొంత కొంత నడువవలయును” అని వ్రాసియుండెను. మా కుటుంబమున చర్చ యంతయు నా కాగితముతో మొదలయ్యెను. ఈ యాఱు వారములు వదినెగారు ఎచట నుండవలయును?

మా మేనల్లుడు మొదట కేరళము పేరెత్తెను. అచట కోటక్కల్‌నందు వైద్యరత్న పి. యస్. వారియరుగారు 1902లో స్థాపించిన ఆర్యవైద్యశాల ప్రసిద్ధమైనది. కీళ్ల నొప్పులకు, పక్షవాతాదులకు దేశదేశములవారు కేరళీయ వైద్యమునకై వచ్చుచుందురు. కాని పచ్చిగాయము గల శరీరమునకు తైలమర్దనము తగదు. అంతదూరము రైలు ప్రయాణమును వైద్యురా లొప్పుకొనలేదు. పిదప విశాఖపట్టణమన్నాడు. శీతకాలమున నచటి సముద్రపుగాలి హాయిగానే యుండును. 1923లో తెఱచిన కింగు జార్జి ఆస్పత్రి మొదలుగా వైద్యమునకు గొఱత లేదు. కాని యద్దెయింట వంట చేయువారెవరు? తరువాత వికారాబాదు చెంతనున్న అనంతగిరి. మూసీనది పుట్టిన యా కొండమీద నిజాము రాజ్యకాలమునందే క్షయరోగులకు చికిత్సాలయము కట్టిరనగా, గాలి మంచిదనియే గదా! అచట విడిదిగృహములున్నవి. కాని విడిదిగృహమున నర్ధరాత్రము పిలిచిన పలుకువారెవరు?

గాలి మాఱిన రోగము మాఱునను విశ్వాసము మన దేశమున నొకప్పుడు మిక్కిలి బలముగా నుండెను. మదనపల్లి చెంత ఆరోగ్యవరమునందు క్షయరోగులకై కట్టిన చికిత్సాలయము డాక్టరు ఫ్రీమోడ్ మొల్లరను డేనిష్ వైద్యుని యాధ్వర్యమున పేరుగాంచినది. మదనపల్లి సముద్రమట్టమునకు రెండువేల యడుగులకు పైనున్న చల్లని ప్రదేశము. 1919లో రవీంద్రనాథ ఠాకూరుగారు సైతము కొన్ని దినము లచట విశ్రమించిరి. గాంధీమహాత్మునకు 1924 జనవరియందు పుణెనగరమున సాసూన్ ఆస్పత్రిలో ఆంత్రపుచ్ఛమునకు శస్త్రచికిత్స జరిగినపుడు, పిదప వారు బొంబాయి చెంతనున్న జుహూ సముద్రతీరమున విశ్రమించిరి. కమలా నెహ్రూగారిని హిమాలయమునందలి భువాలీ చికిత్సాలయమునను, పిదప నైరోపాదేశములందును ఉంచి చూచిరి. అయినను 1936 ఫిబ్రవరియందు వారు స్విట్జర్లండునందలి లోజాన్‌నగరమున కాలధర్మము నొందిరి. క్షయమును నిర్మూలించు మందులు నాటికింకను పుట్టలేదు. గాలియు, కొండయు చేయగలిగినంత చేసినవి; చేయలేనిది చేయలేకపోయినవి.

మందులు పుట్టిన తరువాత ఈ ప్రశ్నకు జవాబు మన దక్షిణదేశమునందే దొరికినది. 1956లో మదరాసునగరమున స్థాపింపబడిన క్షయచికిత్సా పరిశోధనకేంద్రమువారు 193 మంది పేదరోగులను రెండు భాగములుగా జేసి, ఒక భాగమును చికిత్సాలయమునను, రెండవ భాగమును వారివారి యిండ్లలోను ఉంచి, ఒకేవిధమైన మందుల నొక సంవత్సరకాల మిచ్చిరి. చికిత్సాలయములో నున్నవారికి మంచి యాహారము, గాలి, విశ్రాంతి. ఇండ్లలో నున్నవారికి నిరుకు గదులు, చాలీచాలని భోజనము. అయినను ఇంటనుండి మందు తిన్నవారును దాదాపు వారితో సమముగానే కోలుకొనిరి; ఇంటివారికి రోగ మంటుటయు హెచ్చు కాలేదు. 1959లో ప్రకటింపబడిన ఈ ఫలితము ప్రపంచమంతట క్షయచికిత్స పద్ధతినే మార్చివైచెను. అంతదాక చికిత్సాలయమున పడక దొరుకునని యెదురుచూచుచుండిన బీదవారికి, మందు గుడిసెలోనికే నడచివచ్చెను.

దీనినిబట్టి “ఇల్లే వైకుంఠము, ఎచటికిని పోనక్కఱలేదు” అని మా యన్నయ్యగారు, అనగా వదినెగారి భర్తగారు, వాదించిరి. వాదము సరిగానే యున్నది. కాని, సోదరీమణులారా, క్షయమునకు మందు తినుటకును, కోసి కుట్టిన కడుపుతో నుండుటకును భేదము గలదు. మొదటిదానికి మందు ముఖ్యము, రెండవదానికి విశ్రాంతి ముఖ్యము. ఇల్లు పురుషునకు విశ్రాంతిస్థానము. స్త్రీకో, ఇల్లే కార్యాలయము. వడ్రంగిని వాని పనిముట్ల మధ్య మంచము వేసి పరుండబెట్టి, “నీవు విశ్రమింపు”మనుట యెట్లో, గృహిణిని ఆమె వంటయింటి ప్రక్కగదిలో నుంచి విశ్రమింపుమనుట యట్లే. కార్తీకమున నిజాంసాగరు కాలువక్రింద వరికోతలు. వదినెగారి యింట దినమునకు పదునైదుమందికి వంట. బిందె యెత్తవద్దనిన నెత్తకపోవచ్చును గాని, పాలు పొంగుచున్న చప్పుడు వినబడిన నే యిల్లాలు పరుండియుండగలదు?

ఈ సంగతి మన పూర్వస్త్రీలు మనకంటె బాగుగ నెఱుగుదురు. పురిటికి, జబ్బుకు పుట్టింటికి తీసికొనిపోవు నాచారము వారు పెట్టినదే. పుట్టింట బిడ్డకు పని చెప్పువారుండరు. అచట నామె కోడలు కాదు, కూతురు. మా డోంగ్లియందు తెలుగువారు పుట్టిల్లందురు, మరాఠీవారు మాహేరందురు, కన్నడమువారు తవరుమనె యందురు. మూడు భాషలలోను నా మాట పలుకునపుడు స్త్రీల ముఖమున గలుగు వికాస మొక్కటే. అత్తమామలు గతించినందున మా వదినెగారికి పుట్టిల్లనగా తమ్ముని యిల్లు. మా యజమానులకు ఇచటి పాఠశాలయందు నుద్యోగమగుటచే తమ్ముని యిల్లిప్పుడు డోంగ్లి. ఇట్లు కేరళమును, విశాఖపట్టణమును గెలిచి డోంగ్లి నిలిచినది.

డోంగ్లి యన నెచ్చటనని పాఠకు లడుగవచ్చును. తెలంగాణపు వాయవ్యపు మూలలో, మహారాష్ట్రపు సరిహద్దున, కామారెడ్డి జిల్లాలో నున్న గ్రామమిది. ఈ ప్రాంతమునందలి బిచ్కుంద, జుక్కలు సర్కిళ్లు 1956 వఱకు నాందేడు జిల్లా దెగ్లూరు తాలూకాలో నుండి, రాష్ట్రముల పునర్విభజనతో నిటువైపు వచ్చినవి. నిజామాబాదునుండి విడివడి 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా యేర్పడగా, 2022లో డోంగ్లి మద్నూరునుండి వేఱై ప్రత్యేక మండలమైనది. నల్లరేగడినేల. ప్రత్తి, సోయా, కంది, శనగ, జొన్న పంటలు. మంజీర యీ ప్రాంతము దాటి యుత్తరముగా పోయి కందకుర్తి చెంత గోదావరిలో కలియును. ఇచ్చటి బజారున నొకే బేరము మూడు భాషలలో మొదలై నాలుగవ భాషయగు హిందీలో తెగును. దూరమునుండి వచ్చి చూడదగిన వింతలు లేవు. రోగికి వింతలతో పనియు లేదు.

అయినను మాకు భయములు లేకపోలేదు. మొదటిది ఋతువు. చైత్రవైశాఖములందైనచో వదినెగారి నిచటికి రమ్మనియుండము. ఎండలు నలుబది మూడు డిగ్రీలు దాటుట కద్దు. వానకాలమందును రమ్మనియుండము. 2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లాలో కురిసిన కుంభవృష్టికి రోడ్లును, రైలుపట్టాలును సైతము కొట్టుకొనిపోయెను. అట్టిసమయమున రోగి యిచట చిక్కుకొన్న నేమి గతి? మార్గశిరపుష్యములు మాత్రము డోంగ్లికి మంచి మాసములు. రాత్రి చలి కొఱికినను, పగలు లేయెండ వెన్న పూసినట్లుండును. దోమలు తక్కువ, కట్టు తడియదు. రెండవ భయము వైద్యము. పెద్ద ఆస్పత్రి యిచట లేదు. మద్నూరున ప్రభుత్వ వైద్యశాల గలదు, బాన్సువాడయం దంతకంటె పెద్దది గలదు. మూడవ భయము లోకాపవాదము. “అత్తవారు చూడలేక పంపివేసిరి” అని యందురని అన్నయ్యగారి సంకోచము. మా యజమానులు స్వయముగా వారింటికి పోయి, బిడ్డను పుట్టింటికి పంపుమని సారెతో నడిగిరి. అడిగి తీసికొనివచ్చినపు డపవాదమునకు చోటెక్కడిది?

ప్రయాణము గుఱించి కొంత చెప్పవలయును. సంగారెడ్డినుండి నాందేడుమీదుగా అకోలా పోవు 161వ జాతీయరహదారి మద్నూరుమీదుగనే పోవుచున్నది. కారున నాలుగైదు గంటల పయనము. శస్త్రచికిత్స యైనవారు కదలక చాలసేపు కూర్చున్నచో కాలి సిరలయందు రక్తము గడ్డకట్టి, అది యూపిరితిత్తులకు ప్రాకి ప్రాణాపాయము గలిగింపవచ్చును. కావున వైద్యురాలి యనుమతి పొంది, గంటకొకమారు బండి నాపి నాలుగడుగులు నడిపించితిమి. దారిపొడుగున నీరు త్రాగించితిమి. కడుపునకును, నడుముపట్టీకిని నడుమ మెత్తని దిండు పెట్టితిమి. ఆస్పత్రి కాగితములు, మందుల పట్టిక, పరీక్షల ఫలితములు ఒక సంచిలో రోగిచెంతనే యుంచి, వానికి ఛాయాచిత్రములు తీసి ఫోనులో నుంచితిమి. సామాను వెనుకబండిలో వచ్చిన నష్టము లేదు. ఈ సంచి మాత్రము రోగిని విడువరాదు.

చరకసంహితయందు చికిత్సాగృహ మెట్లుండవలయునో సూత్రస్థానము పదునైదవ యధ్యాయమున వర్ణింపబడినది. ఎదురుగాలి కొట్టరాదు, కాని యొకవైపు గాలి యాడవలయును. పొగ, దుమ్ము, కఠోరశబ్దములు సోకరాదు. నీరు, స్నానపు తావు, మరుగుదొడ్డి, వంటయిల్లు చేరువ నుండవలయును. ఓర్పును శుచియు గల పరిచారకులు, పాటయు కథయు చెప్పగల నేర్పరులు కావలయును. దూడ బ్రదికియున్న పాడియావు సైతము పట్టికలో నున్నది! మా మూడుగదుల యద్దెయింట తూర్పు కిటికీ గల గదిని వదినెగారి కిచ్చితిమి. వంటపొగ రాకుండ తలుపునకు తెర కట్టితిమి. క్రింద కూర్చుండి లేచుట వారికి కష్టము గనుక మరుగుదొడ్డిలో కుర్చీవంటి పీఠ మమర్చితిమి. మంచమునకు దోమతెర. వారు కొంతకాలము ఇన్సులిను సూదులు వేసికొనవలసియుండెను. కరెంటు పోయినపు డవి చెడకుండ, తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో, నీరు తగులని డబ్బాయం దుంచితిమి. పాడియావు ప్రక్కింటి మరాఠీ కాకూగారి దొడ్డిలో నుండెను. పాటయు కథయు మా యజమానుల శిష్యుల వంతు. సాయంకాలము పిల్లలు వచ్చి మూడు భాషలలో పద్యములు చదువుచుండిరి.

ఆహారమున విశేషము లేదు. పెసరకట్టు, మెత్తని జొన్నరొట్టె, ఆకుకూరలు, మజ్జిగ. రక్తము తగ్గినవారు గనుక వైద్యురా లిచ్చిన యినుపధాతువు మాత్రలు. కాకూగారు పెసరపప్పు కిచిడీ పంపుచుండిరి. పుష్యమున లేతజొన్న కంకులు కాల్చి రాల్చిన హుర్డా వచ్చినది. మధుమేహమునకు వెఱచి పిడికెడు మాత్రమే పెట్టితిమి. పలకరింప వచ్చువారి విషయమున మాత్రము కొంత కఠినముగ నుండవలసివచ్చెను. ఇదే శస్త్రచికిత్స యై మరణించిన తమ బంధువుల కథ చెప్పనిదే కొందఱికి పరామర్శ పూర్తికాదు. అట్టివారికి వాకిటనే కాఫీ యిచ్చి, రోగి నిద్రించుచున్నారని చెప్పి పంపుచుంటిమి.

వచ్చిన తొమ్మిదవ రాత్రి వదినెగారికి జ్వరము తగిలెను. 101 డిగ్రీలు. గాయపు కొనయందు ఎఱ్ఱదనము, నొప్పి. ఆ రాత్రి యొక్కటి మాకు మిక్కిలి దీర్ఘముగా నుండెను. మధుమేహము గలవారికి గాయము చీము పట్టుట సామాన్యమని వినియుంటిమి. తెల్లవాఱగనే హైదరాబాదు వైద్యురాలికి ఫోను చేసి, గాయపు ఛాయాచిత్రము పంపితిమి. “ఇప్పుడే దగ్గఱి వైద్యునకు చూపుడు, వాయిదా వేయకుడు” అనిరి. మద్నూరు వైద్యశాలలో గాయము నొకచోట కొంత తెఱచి శుభ్రము చేసి, చక్కెర పరీక్షించి, మందు లిచ్చిరి. జ్వరము మూడవనాటికి తగ్గినది. పదిదినములు కట్టు మార్చుటకు నర్సమ్మగారు మా యింటికే వచ్చిరి. సముద్రతీరపు విడిదిగృహమున నీ తొమ్మిదవ రాత్రి యెట్లు గడచియుండెడిదో యూహింప మాకు మనసు రాదు. విశ్రాంతిస్థలమును పగటి యందమునుబట్టి గాక, రాత్రి జ్వరమునుబట్టి పరీక్షింపవలయును. వైద్యునకు, రోగికి నడుమ నెంత దూరము? 108 బండి వచ్చు దారి యున్నదా? ఆ వైద్యునితో రోగి తన భాషలో మాటలాడగలదా?

నాలుగవ వారమున వదినెగారు శనగచేల గట్టుమీద నర్ధమైలు నడువగలిగిరి. ముఖమున నెత్తురు తిరిగినది. ఒకనాడు భోజనమైన తరువాత వా రన్నమాట మాకు మఱపురాదు. “ఇరువది యెనిమిదేండ్లకు, ఈ పూట వంటయేమని యడుగకుండ నన్నము తింటినమ్మా” అనిరి. అది నవ్వుచు చెప్పిన మాట. కాని మా యన్నయ్యగా రప్పుడే యూరినుండి వచ్చి వాకిట నిలిచియుండిరి. వారు విని తలవంచుకొనిరి. ఆఱు వారములు నిండి వదినెగారు తిరిగిపోవునాటికి వారింట వంటకొక మనిషి కుదిరెను; చిన్నకుమారుడు నీళ్ళబిందెలు మోయుట నేర్చెను. ఇంటికి పోవుటకు వదినెగారి శరీరము సిద్ధమగుటయే కాదు, వారి కొఱకు ఇల్లును సిద్ధమయ్యెను.

మా ప్రాంతమునుండి గల్ఫుదేశములకు పోయినవారు జబ్బుపడిన నిచటికే తిరిగివచ్చుచుందురు. అమెరికానుండి పండ్లకును, కండ్లకును హైదరాబాదు వచ్చువారును గలరు. వారికైనను, మనకైనను, చికిత్స యొకచోట, విశ్రాంతి యింకొకచోట నగుట తప్పు కాదు. చికిత్సకు నేర్పరియైన వైద్యుని చెంతకు పోవలయును. అందు దూరము చూడరాదు. విశ్రాంతికి మాత్రము స్థలముకంటె ముందు మనుష్యులను లెక్కింపవలయును. ఉదయము గంజి కాచువారెవరు, రాత్రి లేచి నీళ్ళిచ్చువారెవరు, కట్టు చూచి భయపడనివారెవరు, రోగి యింటిపని నామె లేనపుడు చేయువారెవరు — ఈ నాలుగింటికి నాలుగు పేర్లు చెప్పగలిగిన తరువాత సముద్రమా, కొండయా యని యోచింపవచ్చును. పేర్లు లేనిచోట నెంత చల్లగాలి వీచినను రోగికి జ్వరమే.

పుట్టిల్లు లేని సోదరీమణు లనేకులు గలరు. వారికి తోబుట్టువులో, స్నేహితురాండ్రో, అత్తవారిలోనే దయగలవారో పుట్టిల్లు కావలయును. మన యిరుగుపొరుగున నెవరికైన నట్టి యక్కఱ గలిగినపుడు, ఒక గదిని, ఆఱు వారములను ఈయగలమేమో మన మందఱమును విచారించుకొందము గాక.